అద్దె క్యాసెట్టు నాటి ముచ్చట



మా కొత్తూరు, శంషాబాదునకు దక్షిణమున, బెంగుళూరు పోవు పెద్దబాట మీద నున్నది. మా మనుమడు ఫోనుపై వ్రేలు మోపినంతనే కోరిన సినిమా యాడును. ఈ సౌలభ్యము వచ్చిన తెరగును, దానితోబాటు మన చేజారునట్టి దొకదానిని గూర్చి నేడు ముచ్చటింపదలచితిని.

1982వ సంవత్సరమున, ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగిననాడు, మన దేశమునకు రంగుల టెలివిజను వచ్చెను. ఆ దశకముననే వీడియో క్యాసెట్లు ఊరూర వ్యాపించెను. మా యింట నొక పెండ్లికి నగరమునుండి టీవీని, వి.సి.ఆర్. యంత్రమును, నాలుగు క్యాసెట్లను అద్దెకు దెచ్చితిమి. అద్దె యొక్క దినమునకే. కావున నాలుగు సినిమాలును ఆ రాత్రియే చూడవలసి యుండెను. వాకిట చాపలు పరచితిమి. వాడయంతయు వచ్చి కూర్చుండెను. 1957 నాటి ‘మాయాబజారు’ ముగియునప్పటికి పిల్లలు నిద్రించిరి. ముసలివారు మాత్రము మేలుకొనియే యుండిరి.

పిదప డి.వి.డి. బిళ్ళలు వచ్చెను. అమెరికాలో నెట్‌ఫ్లిక్స్ అను సంస్థ 1998లో ఆ బిళ్ళలను తపాలాలో అద్దెకు పంపుటతో వ్యాపార మారంభించి, 2007లో సినిమాలను ఇంటర్నెట్టు ద్వారా చూప మొదలిడెను. 2016లో మన దేశమునకు వచ్చెను. 2023లో తపాలా అద్దెను మూసివేసెను. ఆ 2016లోనే మనకు ఫోను డేటా వెల మిక్కిలి తగ్గెను. 2020లో తెలుగు చిత్రముల కొరకే ‘ఆహా’ వెలసెను. ఇక అద్దె దుకాణమున కెవరు పోవుదురు? దుకాణములతోబాటు యంత్రములును మాయమయ్యెను.

ఆ మాయమగుట యెంతటి నష్టమో నాకు నిరుడు తెలిసినది. ఆ పెండ్లిని చిత్రించిన క్యాసెట్టు మా పెట్టెలో నుండెను. అందు మా తండ్రిగారి మాటయు, నవ్వును గలవు. వారు గతించి యిరువదేండ్లయినది. చూతమన్న యంత్రము లేదు. నగరమున నొక ఫోటో స్టూడియోలో పాతయంత్రము దొరికినది గాని, అప్పటికే టేపునకు బూజు పట్టియుండెను. బొమ్మ సగము చెడినది. గొంతు మాత్రము కొన్ని నిమిషములు మిగిలినది. అది విని మా మనుమడు, “తాతా, ముత్తాత గొంతు నీ గొంతువలెనే యున్నది” అనెను. నాకు మాట రాలేదు.

చందా కట్టి చూచు సినిమా మన సొత్తు గాదు. సంస్థకు గల హక్కు తీరినచో రేపది కనబడకపోవచ్చును. అయినను పేరుగల సినిమాను ఎవరో యొకరు కాపాడుదురు. మన యింటి క్యాసెట్టును కాపాడువారము మనమే.

కావున పెద్దలకు నా మనవి. అటకమీది పెట్టెలు దింపుడు. బూజు పట్టిన క్యాసెట్టును తుడిపింపక యంత్రమున బెట్టకుడు. ఆ బూజు యంత్రమునకును, దానినుండి మరియొక టేపునకును అంటును. తెలిసినవారిచే నకలు తీయించి, రెండు చోట్ల రెండు ప్రతులు దాచుడు. టేపుమీది పూత కాలము గడచినకొలది క్షీణించును. యంత్రములు నానాటికి అరుదగుచున్నవి. ఆలసించిన ఆ గొంతులు మరల వినరావు.