స్టెరాయిడ్ ఇంజెక్షన్: తల్లి ఒంట్లో ఏం జరుగుతుంది?

(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



నెలలు నిండకుండానే కాన్పు అయ్యేలా ఉంటే గర్భిణికి డెక్సామెథాసోన్ ఇంజెక్షన్ ఇస్తారు. 24 నుంచి 34 వారాల మధ్య, 6 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకొకటి, మొత్తం 4. పుట్టగానే బిడ్డ ఊపిరి తీసుకోగలగాలని ఇచ్చే మందు ఇది. ఈ రకం మందు మేలును 1972లోనే న్యూజిలాండ్ డాక్టర్లు లిగ్గిన్స్, హోవీ చూపించారు. అయినా "స్టెరాయిడ్" అన్న మాట వినగానే తల్లికి ఏమైపోతుందోనని ఇంట్లోవాళ్లు భయపడతారు. అందుకే ఈరోజు తల్లి సంగతి చెప్తాను.

మన మూత్రపిండాల మీద అడ్రినల్ గ్రంథులు ఉంటాయి. అవి కార్టిసాల్ అనే హార్మోను తయారుచేస్తాయి. ఈ ఇంజెక్షన్ కూడా ఆ జాతి మందే. ట్యాంకరు నీళ్లతో ఊరి ట్యాంకు నిండితే బోరు మోటారు ఆపేస్తారు కదా! అట్లాగే మెదడు ఆ గ్రంథుల పని తగ్గిస్తుంది. తల్లి సొంత కార్టిసాల్ పడిపోతుంది. బిడ్డ గ్రంథులు కూడా నెమ్మదిస్తాయి కాబట్టి తల్లి రక్తంలో ఈస్ట్రియోల్ అనే హార్మోను సైతం తగ్గుతుంది. మామూలుగా కొద్దిరోజుల్లో ఇవన్నీ సర్దుకుంటాయి.

జాగ్రత్త పడాల్సింది షుగరు దగ్గర. మొదటి ఇంజెక్షన్ పడిన సుమారు 12 గంటల నుంచి షుగరు పెరగవచ్చు, 5 రోజుల దాకా ఉండవచ్చు. షుగరు ఉన్న గర్భిణికి ఆ రోజుల్లో తరచుగా పరీక్ష చెయ్యాలి, ఇన్సులిన్ మోతాదు మార్చాల్సి రావచ్చు. అంతేగానీ, షుగరు ఉందని ఇంజెక్షనే వద్దనకూడదు.

ఇంకో మాట. ఉబ్బసానికో కీళ్లవాతానికో వారాల తరబడి స్టెరాయిడ్ గోళీలు మింగేవాళ్ల సంగతి వేరు. చాలాకాలం ఆగిన మోటారు వెంటనే అందుకోదు. గర్భం వచ్చిందని ఆ గోళీలు హఠాత్తుగా మానేస్తే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం, ప్రాణం మీదికి రావడం కూడా జరగొచ్చు. డాక్టరు చెప్పకుండా మానొద్దు. కాన్పు గదిలో కూడా ఆ సంగతి తప్పకుండా చెప్పాలి.

2014 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం మొదటి డోసు ఏఎన్ఎం కూడా ఇచ్చి పెద్దాసుపత్రికి పంపవచ్చు. వారాల లెక్క తప్పితే మందు వేళ తప్పుతుంది. కాబట్టి గ్రామ సంఘం సమావేశాల్లో ప్రతి గర్భిణినీ మూడు మాటలు అడుగుదాం: చివరి ముట్టు తేదీ కార్డులో రాయించావా? షుగరు పరీక్ష అయిందా? ఏమైనా గోళీలు వాడుతున్నావా? అప్పు కిస్తీలు ఎంత శ్రద్ధగా రాసుకుంటామో, ఇవీ అంత శ్రద్ధగా రాసుకుందాం.