ఇంగ్లీషులో ఆర్టికల్స్: ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

ఆర్టికల్ అనే మాట వినగానే సరిహద్దు జిల్లాల్లోని మన తెలుగువాళ్ళకు రాజ్యాంగం గుర్తుకు రావడం సహజమే. 1956లో ఏడవ సవరణ ద్వారా చేరిన 350-ఎ ఆర్టికల్, భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పేందుకు తగిన సౌకర్యాలు కల్పించాలని చెబుతోంది. నేను ఇవాళ మాట్లాడబోయేది దాన్ని గురించి కాదు. ఇంగ్లీషు వ్యాకరణంలో నామవాచకానికి ముందు వచ్చే ఎ, యాన్, ది అనే చిన్న ఆర్టికల్స్ గురించి. అయితే ఈ చిన్న ఆర్టికల్ ఒకటి జారిపోయినందువల్ల ఆ పెద్ద ఆర్టికల్ ఫలం మా ఊరి పిల్లలకు ఏడాదిపాటు అందకుండా పోయింది. అందుకు కారకుణ్ణి నేనే కాబట్టి ఆ సంగతితోనే మొదలుపెడతాను.

మాది హోసూరు పక్కన ఒక పల్లె. నేను అప్పుడే బి.ఎ. పాసై ఇంటికి వచ్చాను. ఊరి పెద్దలు పిలిచి, "నాయనా, నువ్వు చదువుకున్నవాడివి, మన బడికి తెలుగు అయివారిని వేయమని ఇంగ్లీషులో ఒక అర్జీ రాసిపెట్టు" అన్నారు. తరగతిలో పదిమందో, బడి మొత్తం మీద నలభైమందో పిల్లలుంటే ఆ భాష ఉపాధ్యాయుణ్ణి నియమించాలని 1949లో విద్యామంత్రుల సమావేశం ఒప్పుకున్న లెక్క ఒకటుంది. మా బడిలో తెలుగు పిల్లలు నలభై ఆరుగురు. నేను ఆ అంకె వేయకుండా, మర్యాదగా ఉంటుందనుకొని, "దేర్ ఆర్ ఫ్యూ తెలుగు చిల్డ్రన్ ఇన్ అవర్ స్కూల్" అని రాశాను. కొంతమంది తెలుగు పిల్లలు ఉన్నారని నా ఉద్దేశం. రెండు నెలలకు జవాబు వచ్చింది. తెలుగు పిల్లలు లేనట్టేనని మీరే రాశారు గనుక వేరే ఉపాధ్యాయుడి అవసరం కనిపించడం లేదని దాని సారాంశం.

ఆ జవాబు రాసినాయన తప్పేమీ లేదు. "ఎ ఫ్యూ" అంటే కొంతమంది ఉన్నారని. ఎ తీసేసి వట్టి "ఫ్యూ" అంటే ఉన్నా లేనట్టేనని. డబ్బు విషయంలోనూ ఇంతే. "ఎ లిటిల్ మనీ" ఉన్నవాడు బస్సు ఎక్కగలడు, "లిటిల్ మనీ" ఉన్నవాడు నడవవలసిందే.

ఈ ఆర్టికల్స్ మనకు ఎందుకు జారిపోతాయి? తెలుగులో ఆ భావం లేకపోలేదు. "సంతలో ఒక ఆవును కొన్నాను. ఆ ఆవు రాత్రి తాడు తెంచుకొని పోయింది" అంటాం. మొదటిసారి చెప్పినప్పుడు ఒక, వినేవాడికి తెలిసిన తర్వాత ఆ. ఇంగ్లీషులో ఎ, ది చేసే పని ఇదే. చరిత్ర చూసినా, ఎ, యాన్ అనేవి ఒకటి అనే అర్థమున్న పాత ఇంగ్లీషు మాట నుంచి వచ్చాయి. ది అనేది దట్‌కు చుట్టం. "పుస్తకం తెచ్చావా" అనడానికీ, "పుస్తకాన్ని తెచ్చావా" అనడానికీ ఉన్న తేడా చూడండి. రెండోది అడిగినప్పుడు ఏ పుస్తకమో ఇద్దరికీ తెలుసు. బరంపురంలో ఉండే మా బావగారు చెప్పేవారు, ఒరియాలో పిలా అంటే పిల్లవాడు, పిలాటి అంటే మనమనుకున్న ఆ పిల్లవాడు అని. వాళ్ళకు ది మాట వెనక వస్తుంది, ఇంగ్లీషువాళ్ళకు ముందు వస్తుంది, అంతే.

చిక్కు ఎక్కడంటే, తెలుగులో ఒక, ఆ అనేవి చెప్పకపోయినా సందర్భాన్నిబట్టి సరిపోతుంది. "ఆమె టీచరు" అంటే వాక్యం పూర్తయింది. దాన్ని అలాగే ఇంగ్లీషులోకి దించి "షి ఈజ్ టీచర్" అంటాం. అక్కడ "షి ఈజ్ ఎ టీచర్" అని తీరాలి. నేను ముప్పై ఏళ్ళు పిల్లల కాపీలు దిద్దాను. ఎక్కువసార్లు ఎర్రసిరా పడింది ఇక్కడే.

ఇక ఎ, యాన్ తేడా. అచ్చుల ముందు యాన్, హల్లుల ముందు ఎ అని బడిలో నేర్పారు కదా. దాన్ని పట్టుకొని చాలామంది అక్షరాన్ని చూస్తారు. చూడవలసింది అక్షరాన్ని కాదు, వినవలసింది ధ్వనిని. తమిళ బడిలో చదివినవారికి ఇది కొత్త కాదు. హల్లు ముందు ఒరు, అచ్చు ముందు ఓర్ అని తమిళ పండితులు నేర్పేది ఇలాంటి సూత్రమే. నేను పిల్లలకు ఒక ఉపాయం చెప్పేవాణ్ణి. ఇంగ్లీషు మాటను తెలుగు లిపిలో రాయండి, మొదటి అక్షరం అచ్చయితే యాన్, హల్లయితే ఎ. అవర్ అంటే గంట. ఇంగ్లీషు స్పెల్లింగు హెచ్‌తో మొదలైనా మనం రాసేది అ, కనుక యాన్ అవర్. యూనివర్సిటీ ఇంగ్లీషులో యుతో మొదలైనా తెలుగులో యకారం, కనుక ఎ యూనివర్సిటీ. వన్ రూపీ నోటు వకారం, కనుక ఎ వన్ రూపీ నోట్. యాన్ ఆనెస్ట్ మ్యాన్, ఎ యూరోపియన్ అన్నవీ ఇలాగే తేలిపోతాయి.

ఒకరోజు ఒక కుర్రవాడు ఈ ఉపాయాన్నే నాకు తిప్పికొట్టాడు. "ఎ ఎమ్మెల్యే" అని రాశాడు. ఇదేమిట్రా అంటే, "మీరు చెప్పినట్టే చేశాను సార్, యం.యల్.ఎ., యకారం హల్లు కదా" అన్నాడు. నిజమే, మనం ఎకారం ముందు ఒక య చేర్చి పలుకుతాం, గోడల మీద అలాగే రాస్తాం కూడా. ఎగ్గును యెగ్గు అంటాం. ఇంగ్లీషువాడి నోట ఆ య ఉండదు. కాబట్టి యాన్ ఎమ్మెల్యే, యాన్ ఎస్.ఎస్.ఎల్.సి. సర్టిఫికెట్, యాన్ ఎల్.ఐ.సి. ఏజెంట్. నా ఉపాయానికి ఆ సవరణ చేసిన ఘనత ఆ కుర్రవాడిదే.

ఈ నకారం ఇంగ్లీషువాళ్ళనూ తికమకపెట్టింది లెండి. వంటచేసేటప్పుడు కట్టుకునే ఏప్రన్ ఒకప్పుడు నేప్రన్. ఎ నేప్రన్ అంటూ అంటూ యాన్ ఏప్రన్ చేసేశారు, నకారం పోయి ఆర్టికల్‌లో కలిసింది. మన నారింజ యూరప్ చేరి ఆరెంజ్ అయ్యేలోపు దాని నకారం కూడా దారిలోనే ఊడిపోయింది. ఇప్పుడు యాన్ ఆరెంజ్ అంటున్నాం.

ది ఎక్కడ అనేదానికి ఒకే ప్రశ్న వేసుకోండి. ఏది అని వినేవాడు అడగవలసిన అవసరం ఉందా? లేకపోతే ది. సూర్యుడు ఒక్కడే, ది సన్. మన ఊళ్ళో పోస్టాఫీసు ఒక్కటే, ది పోస్టాఫీస్. నదులకు ది కావేరి, ది గోదావరి అంటారు. ఊళ్ళకు మాత్రం ఏదీ పెట్టరు. భాషకూ అంతే, హీ స్పీక్స్ తెలుగు. పిల్లవాడు చదువుకోవడానికి వెళితే గోస్ టు స్కూల్. వాడి తండ్రి ఫీజు కట్టడానికి వెళితే గోస్ టు ది స్కూల్. ఆర్టికల్ లేనప్పుడు అక్కడ జరిగే పని ముఖ్యం, ఉన్నప్పుడు ఆ కట్టడం. అడ్వైస్, ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్ వంటివి లెక్కకు అందవు గనుక వాటి ముందు ఎ గాని యాన్ గాని రాదు.

సంఘాలు నడిపేవారికి ఇంకొక మాట. "ది సెక్రటరీ అండ్ ట్రెజరర్" అని రాస్తే రెండు పదవులూ ఒకే మనిషివని చదువుతారు. ఇద్దరు వేరువేరు మనుషులైతే "ది సెక్రటరీ అండ్ ది ట్రెజరర్" అని రెండుసార్లూ ది పెట్టండి. బ్యాంకుకు రాసే తీర్మానాల్లో ఇది మరీ అవసరం.

మా ఊరి అర్జీ ఏమైందో చెప్పలేదు కదూ. రెండోసారి రాసినప్పుడు ఫ్యూ అనే మాట జోలికే పోలేదు. నలభై ఆరు అని అంకె వేసి, పిల్లల పేర్ల పట్టీ జతచేశాను. అప్పటికి ఒక విద్యాసంవత్సరం గడిచిపోయింది, ఐదో తరగతి పిల్లలు వేరే బడికి వెళ్ళిపోయారు. చాలా రోజులకు, "ఎ తెలుగు టీచర్ విల్ బి పోస్టెడ్" అని ఒక ఉత్తరం వచ్చింది. ఊరివాళ్ళకు చదివి వినిపించాను. ఎవరో ఒకరు వస్తారన్నమాట, ఎవరో ఇంకా తేలలేదన్నమాట అన్నాను. జూన్ నెలలో ఇంకొక ఉత్తరం వచ్చింది. అందులో "ది తెలుగు టీచర్ విల్ జాయిన్ ఆన్ మండే" అని ఉంది. సోమవారం పొద్దున ఊరంతా బస్సు కోసం రోడ్డు మీదికి వెళ్ళాం.