వేరునకు మ్రొక్కు, కాటునకు మందు



ఆత్మకూర్ (ఎస్) ప్రాంతమున చిరకాలము బడిపంతులుగా నుండుటచే, మూలికల నెఱిగిన పెద్దల పరిచయము నాకు కలిగినది. వారికి వేరు త్రవ్వుట యొక పూజ. ఆదివారమునాడు పుష్యమి కూడిన పుష్యార్కయోగమునకై వేచియుందురు. ముందునాటి సాయంకాలమే మొక్కకు పసుపు, కుంకుమ, అక్షతలు సమర్పించి, అనుజ్ఞ వేడుదురు. ఆకు కోసిన మరల చిగురించును. వేరు పెఱికిన మొక్కయే నశించును. అక్కఱకు మించి త్రవ్వరాదనుట ఈ యాచారములోని వివేకమని నా తలంపు.

రెండు వేళ్లను గూర్చి మనవి చేసెదను. మొదటిది సర్పగంధ. దీనినే పాతాళగంధి యందురు. మన వైద్యులు దీనిని ఉన్మాదమునకును, నిద్రలేమికిని వాడిరి. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు ఈ వేరునుండి రిసర్పిన్ అను పదార్థమును వేఱుచేసిరి. అది రక్తపుపోటును తగ్గించును. దేశదేశముల వారును ఈ వేరునకై యెగబడగా అడవులలో మొక్క అరుదయ్యెను. 1990లో దీని విదేశ వర్తకమునకు అంతర్జాతీయ నియంత్రణ యేర్పడెను.

రెండవది ఈశ్వరి. ఈ వేరు ఇంట నున్న పాము రాదని నమ్మకము. పాము కఱచిన వానికి దీనిని నూఱి త్రాగింతురు. కాని యిందు అరిస్టోలోకిక్ ఆమ్లము కలదు. అది మూత్రపిండములను చెఱచును, పుట్టకురుపును కలిగించును. ఒళ్లు తగ్గుటకు మ్రింగిన మందులలో ఈ జాతికే చెందిన చైనాదేశపు వేరు కలియుటచే, కొందఱు స్త్రీల మూత్రపిండములు చెడినవని 1993లో బెల్జియం వైద్యులు ప్రకటించిరి.

మఱి యీ వేళ్లవలన బ్రదికినవారు లేరా యని మీరడుగవచ్చును. పాములలో పెక్కింటికి విషము లేదు. విషసర్పము కఱచినను ఒక్కొక్కతఱి విషము దిగదు. అట్టివాడు బ్రదికినపుడు కీర్తి వేరునకు దక్కును. విషము నిజముగా దిగినవానిని ఏ వేరును కాపాడజాలదు. వానికి గుఱ్ఱపు రక్తమునుండి తయారగు విషహరపు సూదిమందే శరణ్యము. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగింటి విషమునకును మన దేశమున అదియొక్కటే మందు.

గ్రామమున పాము కఱచినపుడు అందఱును మీ మాటకై చూతురు. గాయమును కోయనీయకుడు, బిగించి కట్టనీయకుడు. కాటుపడిన అవయవమును కదలనీయక, రోగిని వెంటనే ప్రభుత్వాసుపత్రికి పంపుడు. వేరునకు మ్రొక్కదలచినవారు మ్రొక్కుదురు గాక. రోగిని మాత్రము అందుకై నిలుపరాదు.