సరిహద్దు దాటే బస్సు, చేతిలో టికెట్టు

బీదర్ జిల్లా నిర్ణా నుంచి జహీరాబాద్‌కో, హైదరాబాద్‌కో బస్సులో వెళ్తుంటారు కదా! 1956 దాకా మన బీదర్ కూడా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. అప్పుడు మధ్యలో ఈ కర్ణాటక-తెలంగాణ సరిహద్దే లేదు. ఇప్పుడుంది. చుట్టరికాలకు అది అడ్డు కాదు, టికెట్టుకు మాత్రం అడ్డే.

ఆడవాళ్లు ముఖ్యంగా వినండి. బస్సులో ఉచితంగా వెళ్లే పథకాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. శక్తి పథకం కర్ణాటక ఆడవాళ్లకు. మహాలక్ష్మి తెలంగాణ ఆడవాళ్లకు. బీదర్ చిరునామా ఉన్న ఆధార్ చూపిస్తే తెలంగాణ ఆర్టీసీ బస్సులో జీరో టికెట్, అంటే ఉచిత టికెట్, ఇవ్వరు. ఛార్జీ కట్టాల్సిందే. కూలికి వెళ్లే అక్కచెల్లెళ్లకు ఆ డబ్బులు తక్కువేం కావు. అందుకే చిల్లర కొంగున ముడేసుకునే బయల్దేరండి. బస్సెక్కే ముందే కండక్టర్‌ను అడగండి: "అన్నా, ఎక్కడిదాకా ఫ్రీ? ఎక్కడి నుంచి టికెట్టు?"