తండ్రికి ఫోన్ మనమే చేయించాలి



పొగాకు పసిపిల్లల ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. పొగ తాగని భార్యలకు భర్తల పొగ తెచ్చే ముప్పును పరిశోధకుడు హిరయామా 1981లోనే చూపించారు. మన దేశంలో 2016-17 సర్వేలో నూటికి 38.7 మంది పెద్దలు ఇంట్లోనే పరాయి పొగ పీలుస్తున్నామని చెప్పారు. అది పెద్దల లెక్క మాత్రమే.

ఏళ్ల తరబడి నా పోట్లాట ఒక్క ప్రశ్న మీదే. ఇంట్లో పొగ తాగే తండ్రిని మానమని అడగాల్సిందెవరు? ఛాతీ వైద్యులు తమ దగ్గరికొస్తే చూస్తామంటారు. మన పిల్లల వైద్య శాఖ పెద్దలేమో పాప మన పేషెంటు, తండ్రి కాదంటారు. 'ఇంట్లో ఎవరు పొగ తాగుతారు' అని కేస్ షీట్‌లో నేను పెట్టిన గడిని ఒకప్పటి మా శాఖాధిపతి కొట్టేయించారు. తండ్రి మన పేషెంటు కాడన్న వాదన నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆయాసంతో నెల తిరక్కుండా మళ్లీ వచ్చిన పాపకు నెబ్యులైజర్ మాస్కు పెడతాం. తండ్రి మెట్ల కింద బీడీ కాల్చుకొచ్చి, పాప తలను తన చొక్కాకు ఆనించుకుంటాడు. ఆ వాసన మనకు తగులుతూనే ఉంటుంది. మన రౌండ్స్ పక్క మంచానికి వెళ్లిపోతాయి.

1800-11-2356. ఢిల్లీ వల్లభ్‌భాయ్ పటేల్ ఛెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో 2016లో మొదలైన ఈ నంబరు, పొగాకు మానాలనుకునేవారికి ఫోన్‌లో సలహా ఇచ్చే ఉచిత క్విట్‌లైన్, 2018 నుంచి పొగాకు ప్యాకెట్ల మీదే అచ్చవుతోంది. బెంగళూరు నిమ్హాన్స్ కూడా చేరాక దక్షిణాది భాషలకూ దారి దొరికింది. నంబరు వేశాం, ఇక వాళ్లే చేస్తారులే అనే మిత్రులు ఈ హాల్లోనూ ఉన్నారు. ఎన్ని కాల్స్ వచ్చాయన్నదే వారి కొలమానం. అయ్యా, మానిన మొదటి వారంలోనే చాలామంది మళ్లీ అంటిస్తారు. ఆ వారంలో కౌన్సెలర్ తానే ఫోన్ చేసి పలకరించాలి. కాలిఫోర్నియాలో పరిశోధకుడు షూ-హాంగ్ ఝూ ఏళ్లపాటు నిరూపించింది ఇదే. బోస్టన్‌లో వినికాఫ్ బృందం ఇంకో అడుగు వేసి, పిల్లల క్లినిక్‌లోనే తల్లిదండ్రుల పేర్లు క్విట్‌లైన్‌కు రాయించింది.

మన ముందు, భార్య ముందు నోరు విప్పని లారీ డ్రైవరు రాత్రి ధాబా దగ్గర బండి ఆపి ఫోన్‌లో అన్నీ చెబుతాడు. టీ గ్లాసు పట్టుకోగానే చెయ్యి జేబులోకి పోతోందని, నిద్ర ఆపుకోవడానికి ఇంకేం చెయ్యాలని అడుగుతాడు. ముఖం కనబడకపోవడమే అతనికి ధైర్యం. ఫోన్ సలహా పనికిరాని వైద్యమనే ఆస్పత్రి క్లినిక్‌ల పక్షపాతులు ఒక్క రాత్రి ఆ హెడ్‌ఫోన్ పెట్టుకుని వినాలి.

ఇక ఎవరూ పట్టించుకోని మాట. శ్రీకాకుళం పల్లెల అడ్డపొగ, అంటే చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. పిండ్‌బోర్గ్, మెహతా, సహచరులు 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి 1971లో ప్రచురించిన పత్రం మనందరికీ తెలుసు. వాళ్లు చూసింది అంగిళ్లను. అలా చుట్ట కాల్చే అమ్మమ్మ ఒడిలో ఉన్న బిడ్డను మనం చూడాలి. సిగరెట్ తాగే మగవాడి కోసం రాసిన మాటలు ఆమెకు పనికిరావు. చుట్ట ఎప్పుడు ముట్టిస్తుంది, ఎవరితో కూర్చుని కాలుస్తుంది అన్నది కనుక్కుని, ఉత్తరాంధ్ర యాసలో మాట్లాడే ఆడ కౌన్సెలర్లను తయారుచేయాలి. ఇంట్లో ఫోన్ కొడుకు చేతిలో ఉంటుంది గనక, ఆమెకు వీలైన వేళ కూడా ముందే అడిగి పెట్టుకోవాలి.

సాయంత్రం కార్యవర్గం ముందు రెండు తీర్మానాలు పెడుతున్నాను. ప్రతి పిల్లల వార్డు కేస్ షీట్‌లో 'ఇంట్లో ఎవరు పొగ తాగుతారు' అన్న గడి తిరిగి రావాలి. డిశ్చార్జికి ముందే, ఒప్పుకున్న తండ్రి లేదా అమ్మమ్మతో వార్డు ఫోన్ నుంచే క్విట్‌లైన్‌కు మొదటి కాల్ చేయించాలి.