మా స్లాబు ఎంత కార్బన్ పీల్చింది?

పొందూరులో మా ఇంటి స్లాబు పెచ్చులూడుతోంది. కాంక్రీటు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని మెల్లగా పీల్చుకుంటుంది, తెలుసా? లోపలి సున్నంతో కలిసి అది కాల్షియం కార్బొనేట్ అవుతుంది.

ఊడిన చోటు పక్కనే చెక్కి ఫినాఫ్తలీన్ చల్లాను. లోపల గులాబీ రంగు వచ్చింది, పైపొరకి రాలేదు. గ్యాస్ వెళ్లిన లోతు అదే.

మరి బరువు? ల్యాబ్‌లో పొడిని బాగా కాలుస్తారు. 100 గ్రాముల కాల్షియం కార్బొనేట్ నుంచి 44 గ్రాముల గ్యాస్ వస్తుంది. కానీ మిక్స్‌లో ముందే సున్నపురాయి ఉంటే? అదీ లెక్కలో కలిసిపోతుంది! అందుకే మొదటి శాంపిల్ కూడా కావాలి. 'మా కాంక్రీటు కార్బన్‌ని పట్టేస్తుంది' అని ఎవరన్నా అంటే, ముందు అదెక్కడుందో అడగండి.

మా స్లాబులో రంగు రాని పొర చువ్వ దాటేసింది. అంటే తుప్పు నుంచి చువ్వకి కాపలా పోయినట్టే. ఆ గదిలో నానమ్మ పడుకుంటుంది. ఈ రాత్రికే మంచం మారుస్తున్నాం.