జీపు స్టీరింగ్ కొడుతుంటే డ్యాంపర్ మార్చకండి, ముందు బండి కింద పడుకోండి

ఇవాళ ఇంజన్ జోలికి వెళ్లట్లేదు, స్టీరింగ్ గురించి మాట్లాడుకుందాం. పాత జిప్సీ గానీ, పాత మహీంద్రా ఫోర్ బై ఫోర్ జీపు గానీ నడిపేవాళ్లలో చాలామందికి ఇది ఒక్కసారైనా అనుభవమై ఉంటుంది. 55, 60లో వెళ్తుంటారు. రోడ్డు మీద చిన్న గుంత. ఒక ముందు చక్రం అందులో పడి లేస్తుంది. అంతే, స్టీరింగ్ చేతుల్లో ఎడమకీ కుడికీ కొట్టడం మొదలుపెడుతుంది. గుంత దాటి 50 మీటర్లు వచ్చేశాక కూడా ఆగదు. డ్యాష్‌బోర్డు ఊగిపోతుంది, అద్దాల్లో ఏమీ కనపడదు, బండి ముక్కలైపోతుందేమో అనిపిస్తుంది. ఇంగ్లిష్‌వాళ్లు దీన్ని డెత్ వాబుల్ అంటారు. మన మెకానిక్‌లు వాబ్లింగ్ అంటారు, లేదంటే సింపుల్‌గా "స్టీరింగ్ కొడుతోంది" అంటారు.

అది వచ్చినప్పుడు ఏం చెయ్యాలో ముందే చెప్పేస్తాను, ఎందుకంటే సగంలో ఆపేసేవాళ్లు కూడా ఈ ముక్క వినాలి. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసెయ్యండి. స్టీరింగ్‌ని గట్టిగా పట్టుకోండి, కానీ దానితో కుస్తీ పట్టకండి. అది ఎడమకి కొట్టిందని మీరు కుడికి లాగితే ఊపు ఇంకా పెరగొచ్చు. బొటనవేళ్లు స్టీరింగ్ లోపల దూర్చకుండా పైన ఉంచండి. వెనక ఎవరొస్తున్నారో చూసుకుని మెల్లగా బ్రేక్ వెయ్యండి. స్పీడు బాగా తగ్గాక, ఒక్కోసారి దాదాపు ఆగిపోయాక, అది దానంతటదే పోతుంది. "ఇంకాస్త స్పీడు పెంచితే దాటిపోతుందిరా" అని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకండి.

నాకిది మొదటిసారి మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్ దిగుతుంటే వచ్చింది. నాది సెకండ్ హ్యాండ్ జిప్సీ. వెనక సైడు సీట్లలో మా పిన్ని కొడుకు, వాడి ఫ్రెండు. రెండు మలుపుల మధ్య కాస్త తిన్నగా ఉన్న చోట స్పీడు 50 దాటింది. కల్వర్టు అతుకు తగిలింది. ఎదురుగా బస్సు వస్తోంది. బండి పక్కకి తెచ్చి ఆపాక ఐదు నిమిషాలు ఎవ్వరం మాట్లాడలేదు. ఆ తర్వాత మావాడు అడిగిన మొదటి మాట, "అన్నా, వెనక్కి బస్సులో వెళ్దామా?"

ఊరికొచ్చి ఒక గ్యారేజీలో చూపించాను. కొత్త స్టీరింగ్ డ్యాంపర్ వేశారు. స్టీరింగ్ బాక్స్ మీద ఉండే అడ్జస్టింగ్ స్క్రూ కూడా బిగించారు. రెండు నెలలు బండి బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత వాబ్లింగ్ మళ్లీ వచ్చింది, ఈసారి ఇంకా గట్టిగా. పైగా మలుపు తిప్పాక స్టీరింగ్ దానంతటది వెనక్కి రావడం మానేసింది.

అప్పుడు రాజమండ్రిలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన నా బండి స్టార్ట్ కూడా చెయ్యలేదు. ఒక గోనె సంచి నేలమీద పరిచి, "అబ్బాయ్, నువ్వు కింద పడుకో. నేను పైనుంచి తిప్పుతాను. ఏది కదులుతోందో, ఏది కదలట్లేదో నువ్వే చెప్పు" అన్నారు. ఇవాళ చెప్పేదంతా ఆ గోనె సంచి మీద పడుకుని నేర్చుకున్నదే.

అసలు ఇది పాత జీపులకే ఎందుకు ఎక్కువ? కార్లలో ముందు చక్రాలు దేనికది విడిగా కదులుతాయి. 1985లో వచ్చిన జిప్సీలో, పాత ఎమ్ఎమ్ 540 లాంటి మహీంద్రాల్లో అలా కాదు. రెండు ముందు చక్రాల మధ్య ఒకే గట్టి యాక్సిల్ ఉంటుంది, దానికి కమాన్ కట్టలు. రెండు చక్రాలనీ టై రాడ్ కలుపుతుంది. ఒక చక్రం ఊగితే ఆ ఊపు టై రాడ్ మీదుగా రెండోదానికి వెళ్తుంది, అక్కణ్ణుంచి తిరిగి దీనికే వస్తుంది. అన్ని జాయింట్లూ బిగుతుగా ఉంటే ఆ ఊపు ఒకటి రెండు సార్లలో చచ్చిపోతుంది. ఎక్కడో లూజు ఉంటే మాత్రం చావదు, ఒక స్పీడు దగ్గర పెరుగుతూ పోతుంది. అన్నట్టు, 2010లో వచ్చిన థార్‌లో సీఆర్‌డీఈ మోడల్‌కి ముందు సస్పెన్షన్ వేరు, చక్రాలు విడివిడిగా కదులుతాయి. ఆ బండి ఉన్నవాళ్లకి ఈ ఎపిసోడ్ సగమే పనికొస్తుంది.

ఇక డ్యాంపర్ సంగతి. అది చిన్న షాక్ అబ్జార్బర్ లాంటిది, ఊపుని మింగేస్తుంది. లూజుని మాత్రం తగ్గించదు. నా బండిలో రెండు నెలలు జరిగింది అదే. లోపల లూజు పెరుగుతూనే ఉంది, కొత్త డ్యాంపర్ నాకది తెలియనివ్వలేదు. నాకు డ్యాంపర్ మీద కోపమేం లేదు, కంపెనీ ఊరికే పెట్టలేదు దాన్ని. కానీ రోగం ఏంటో తెలియకముందే దాన్ని మార్చేస్తే, వాబ్లింగ్ మళ్లీ ఏ మలుపులో బయటపడుతుందో చెప్పలేం.

సరే, వెతకడం ఎలా? డబ్బు ఖర్చు లేనివాటి నుంచి మొదలుపెట్టండి. టైర్లలో గాలి రెండు వైపులా సమానంగా, కంపెనీ చెప్పినంత ఉందా? టైరు ఎక్కడైనా ఉబ్బిందా? బురదలో తిరిగొచ్చారా? అయితే చక్రం లోపలి వైపు చెయ్యి పెట్టి చూడండి. రిమ్ములో ఒక పక్కనే మట్టి గడ్డకట్టి ఎండిపోతుంది, దాంతో వీల్ బ్యాలెన్స్ పోతుంది. నీళ్లతో కడిగితే తగ్గిపోయిన బండ్లు నేను చూశాను. కడిగినా తగ్గకపోతే ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి చూడండి. తేడా వస్తే టైర్ల దగ్గర ఏదో ఉందని అర్థం. కానీ ఒక్క మాట. టైరు ఆ ఊపుని మొదలుపెడుతుందంతే. దాన్ని ఆగకుండా సాగనిచ్చేది జాయింట్లలో లూజే. అందుకే బ్యాలెన్సింగ్‌తో తగ్గిపోయినా కిందకి ఒకసారి చూడాల్సిందే.

ఇప్పుడు గోనె సంచి పని. బండి చదునైన చోట పెట్టండి, హ్యాండ్ బ్రేక్ వెయ్యండి, వెనక చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టండి. నాలుగు చక్రాలూ నేలమీదే ఉండాలి, జాకీ ఇప్పుడే వద్దు. పవర్ స్టీరింగ్ లేని బండైతే ఇంజన్ ఆఫ్‌లో ఉంచండి. పైన ఒకరు స్టీరింగ్‌ని ఎడమకి కొంచెం, కుడికి కొంచెం, జానెడు మించకుండా గబగబా తిప్పుతూ ఉండాలి. పూర్తిగా తిప్పితే ఏమీ తెలియదు.

మీరు కింద నుంచి స్టీరింగ్ బాక్స్ దగ్గర మొదలుపెట్టండి. బాక్స్ ఛాసిస్‌కి బిగించిన చోట కదులుతోందా? బోల్టులు లూజై ఉండొచ్చు, ఛాసిస్ పగులు కూడా ఇచ్చి ఉండొచ్చు. పగులు కనిపిస్తే ఆ బండి ఇంక నడపకండి, మంచి వెల్డర్‌ని బండి దగ్గరికే పిలిపించండి. తర్వాత బాక్స్ నుంచి కిందకి దిగే పిట్‌మన్ ఆర్మ్, దానికి తగిలించిన డ్రాగ్ లింక్, దాని చివర బాల్ జాయింట్, ఆ తర్వాత టై రాడ్ రెండు చివర్లు. ప్రతి జాయింట్ మీదా చెయ్యి వేసి ఉంచండి, వేళ్లు మాత్రం రాడ్ల మధ్య నలగకుండా చూసుకోండి. ఒక వైపు రాడ్ కదులుతుంది, రెండో వైపు ముక్క అర క్షణం ఆలస్యంగా కదులుతుంది. చేతికి "టిక్" అని తెలుస్తుంది. ఆ జాయింటే దొంగ. కళ్లకి కనపడని లూజు కూడా చేతికి దొరుకుతుంది.

అలాగే పడుకుని కమాన్ కట్టలు కూడా చూడండి. కట్ట చివర షాకిల్‌లో బుష్ అరిగిపోతే, స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే ముందు యాక్సిలే పక్కకి జరుగుతుంది. యూ బోల్టులకి పానా వేసి చూడండి, అవి మెల్లగా లూజవుతుంటాయి.

తర్వాత జాకీ. దయచేసి జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకి దూరకండి, యాక్సిల్ కింద స్టాండు పెట్టండి. చక్రం గాల్లో ఉన్నప్పుడు పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి లోపలికీ బయటికీ ఊపండి. కదిలితే రెండు అనుమానాలు. ఒకటి వీల్ బేరింగ్, రెండోది కింగ్ పిన్. తేల్చడం చాలా ఈజీ. లోపల కూర్చున్నవాళ్లని బ్రేక్ తొక్కి పట్టుకోమనండి. బ్రేక్ తొక్కగానే లూజు పోతే వీల్ బేరింగ్. తొక్కినా అలాగే ఊగుతుంటే కింగ్ పిన్.

నాకు బ్రేక్ తొక్కినా ఊగింది.

కింగ్ పిన్ అంటే తలుపుకి బందు లాంటిది. ముందు చక్రం ఎడమకీ కుడికీ తిరిగేది దాని మీదే. జిప్సీలో యాక్సిల్ చివర గోళంలా ఉంటుంది, దానికి పైన ఒకటి, కింద ఒకటి టేపర్ బేరింగులు. చుట్టూ ఒక సీలు. వాగులు దాటించే బండిలో ఆ సీలు చినిగితే నీళ్లు లోపలికెళ్తాయి, గ్రీజు కొట్టుకుపోతుంది, బేరింగు తుప్పు పడుతుంది. మనం ఎక్కువగా తిన్నగానే నడుపుతాం కదా, అందుకని బేరింగులో రోలర్లు ఒకేచోట కొట్టుకుని కప్పు మీద గాట్లు పడతాయి. నావి విప్పితే ఆ గాట్లు గోరుతో తడిమితే తగిలాయి. కింది బేరింగు మరీ ఘోరం, గ్రీజు ఉండాల్సిన చోట ఎర్రటి బురద.

దాన్ని బాగు చెయ్యడం అంటే కొత్త బేరింగులు, కప్పులు, సీళ్లు వేసి, గ్రీజు పెట్టి, షిమ్ములతో బిగుతు సెట్ చెయ్యడం. కింగ్ పిన్ కింద పల్చటి రేకు షిమ్ములుంటాయి. షిమ్ము తీస్తే బిగుతు పెరుగుతుంది, పెడితే తగ్గుతుంది. ఎంత బిగుతు ఉండాలో చేతి అంచనాతో తేల్చకూడదు. టై రాడ్ విప్పేసి, స్ప్రింగ్ కాటా తగిలించి లాగి, ఎన్ని కిలోల దగ్గర కదలడం మొదలైందో చూడాలి. వర్క్‌షాప్ మాన్యువల్‌లో మీ బండికి ఆ అంకె ఉంటుంది. పెద్దాయన దగ్గర చేపల కొట్లో వాడే కాటా ఉంది, దాంతోనే చేశారు. ఒక పక్క రెండు షిమ్ములు తీశారు, రెండో పక్క ఒకటే. రెండు వైపులా ఒకేలా తీస్తే సరిపోదా అని అడిగాను. "రెండూ ఒకేలా అరిగాయా ఏంటి?" అన్నారు.

ఆ గ్యారేజీలో బిగించిన స్టీరింగ్ బాక్స్ స్క్రూ కూడా ఆయన వెనక్కి వదిలారు. అది అతిగా బిగిస్తే లోపల గేర్లు పట్టేస్తాయి, అందుకే నా స్టీరింగ్ వెనక్కి రాలేదు. ఆ స్క్రూ ముట్టుకోవడం అన్నిటికంటే చివర్లో, అదీ మాన్యువల్ చూసుకుని.

బండి ఎత్తు పెంచుకున్నవాళ్లకి ఇంకో విషయం. సైకిల్ ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉంటుంది కదా, జీపులో కింగ్ పిన్ కూడా అలా కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. దాన్నే క్యాస్టర్ అంటారు. స్టీరింగ్ తిన్నగా వెనక్కి రావడానికి అదీ ఒక కారణం. జిప్సీలో ముందు షాకిల్స్ పొడుగువి వేస్తే యాక్సిల్ ముందుకి తిరిగి క్యాస్టర్ తగ్గిపోతుంది. లుక్ అదిరిపోతుంది, 60లో స్టీరింగ్ తేలిపోతుంది. పొడుగు షాకిల్స్ వేశాక వాబ్లింగ్ మొదలైతే ముందు అలైన్‌మెంట్ షాపులో క్యాస్టర్ కొలిపించండి. టో మాత్రమే చూసి పంపేసే షాపులుంటాయి, క్యాస్టర్ అని పేరు పెట్టి అడగండి. సరిచెయ్యడానికి యాక్సిల్‌కీ కట్టకీ మధ్య వాలు ముక్కలు వేస్తారు. నా సలహా అడిగితే, రోజూ రోడ్డు మీద తిరిగే బండికి పాత షాకిల్సే మేలు.

ఇంకో చిన్న అనుభవం. విప్పినప్పుడు గోళంలో గ్రీజుకి బదులు పల్చటి నూనె కనిపిస్తే, అది యాక్సిల్ లోపలి సీలు దాటొచ్చిన డిఫరెన్షియల్ ఆయిల్. ఎలాగూ విప్పారు కాబట్టి ఆ సీలు కూడా అప్పుడే మార్చేయండి. నేను పిసినారితనానికి పోయి మార్చలేదు, నాలుగు నెలలకి మళ్లీ మొత్తం విప్పాల్సి వచ్చింది.

పని అయ్యాక అదే ఘాట్‌కి వెళ్లాం. ఈసారి మా పిన్ని కొడుకు రానన్నాడు, పెద్దాయన పక్క సీట్లో కూర్చున్నారు. కల్వర్టు అతుకు మీద 40లో ఒకసారి, 50లో ఒకసారి, 55లో ఒకసారి పోనిచ్చాను. చక్రం "దబ్" మంది, స్టీరింగ్ ఒక్కసారి అదిరి ఊరుకుంది. ఆయన ఏమీ అనలేదు, కిటికీలోంచి లోయ చూస్తూ కూర్చున్నారు. దిగాక డ్యాంపర్ ఒకసారి విప్పి చూపించమన్నారు. రెండు నెలల కిందట వేసిన కొత్తదే, అప్పటికే నూనె కారుతోంది.

వచ్చే ఎపిసోడ్‌లో ట్రాన్స్‌ఫర్ కేస్ లీవర్ గేర్‌లోంచి దానంతటది జారిపోవడం గురించి. మీ బండికి ఆ ప్రాబ్లమ్ ఉంటే ఏ గేర్‌లో, ఎక్కే రోడ్డులోనా దిగే రోడ్డులోనా రాసి పంపండి. ఉంటాను మరి, బై.